రాజు ఇంకా ఓడ దిగలేదు

కాక పోయాడన్న ఫోన్ వచ్చేసరికి మా హాల్లో ఏసీ మెకానిక్ నిచ్చెన మడుస్తున్నాడు. గ్యాస్ నింపాడు, ఫిల్టర్లు కడిగాడు, పదహారు మీద పెట్టి ఓ గంట నడిపి చూడమని చెప్పి వెళ్లిపోయాడు. శుక్రవారం మధ్యాహ్నం. ఆ వేళకి మస్కట్ శివార్లలోని మా అల్ ఖౌద్ వీధుల్లో పిల్లి కూడా తిరగదు. కిటికీ అద్దం అవతల ఎండ తెల్లగా, చప్పుడు లేకుండా నిలబడి ఉంది. ఇవతల నా పాదాలు చల్లబడుతున్నాయి. ఫోన్లో నిర్మల్ ఆయన. కాకతో పాటు ఇక్కడికి దగ్గర్లోనే మబేలాలో ఒకే గదిలో ఉండి, ఇప్పుడు సొంతూరు నిర్మల్‌లో ప్లంబింగ్ పని చేసుకుంటున్న మనిషి. "కాక పోయిండు సార్, మొన్న పొద్దుగాల" అన్నాడు.

నాకు కాక ముఖం కన్నా ముందు నార్వే మంచు గుర్తొచ్చింది. నేను నార్వే వెళ్లలేదు. కాకా వెళ్లలేదు. అయినా మేమందరం కలిసి ఆ దేశాన్ని మబేలాలో, ఇనుప మంచాల గదిలో, దుప్పట్లు కప్పుకుని చూశాం. నిర్మల్ ఆయన ఆ కబురుతో పాటు ఇంకో మాట కూడా చెప్పాడు. దాన్ని చివరికి ఉంచుతాను. ముందు రావలసింది ముందూ, వెనక రావలసింది వెనకా రాకపోతే కాకకి ఒళ్లు మండేది.

ఆయన పేరు రాయను. రాద్దామన్నా ఏ పేరు రాయాలో తెలీదు. బతాకా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, లేకుండా ఏళ్లు గడిపిన మనిషి. అడిగినవాడిని బట్టి పేరు మార్చేవాడు. అలాంటివాళ్లని మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, దగ్గర నుంచి బయటపడి, దొరికిన పని చేసుకుంటూ, పోలీసు బండి కనబడితే సందు మారేవాళ్లు. జగిత్యాల వైపు మనిషి. నాకు చిన్నాన్న వయసు. గదిలో అందరూ కాకా అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆయన మాత్రం నన్ను సార్ అనడం మానలేదు.

మొదటిసారి మా బాత్రూములో టైల్స్ మార్చడానికి వచ్చాడు. వేసిన ప్రతి టైలునీ వేలి ఉంగరంతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. బోలుగా పలికితే మొహమాటం లేకుండా పీకేసేవాడు. పని చేస్తూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నేను గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. మాట ఠక్కున ఆగిపోయింది. తలెత్తి చూస్తే తాపీ పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"మీరు ఊఁ అనకపోతే నాకు ముచ్చట ముంగటికి నడువది సార్."

చెప్పేవాడికి వినేవాడు లోకువని మన సామెత. కాక దగ్గర అది తలకిందులైంది. ఎదటివాడు ఊఁ కొట్టకపోతే ఆయన మంచినీళ్లు కూడా అడగలేడు. ఫోన్లో భార్య కాసేపు పలక్కపోతే, ఉన్నవా పోయినవా అని కసిరేవాడు. ఇదంతా పుట్టుకతో వచ్చిన జబ్బు. వాళ్లది ఒగ్గు కథ చెప్పే ఇల్లు. తండ్రి కాళ్లకి గజ్జెలు కట్టి మల్లన్న కథ ఎత్తుకుంటే, కొడుకులిద్దరూ పక్కన నిలబడి వంత పాడేవారట. చెప్పేవాడు ఒకడే అయినా, ఊఁ కొట్టి, మధ్యలో ప్రశ్న వేసి, పాట అందుకుని కథని ముందుకు నెట్టేది వంత. తండ్రి పోయాక గజ్జెలు పెద్దకొడుక్కి రావాలి. పెద్దకొడుకు కాకే. ఆయన గల్ఫ్ విమానం ఎక్కాడు. తమ్ముడు ఆ గజ్జెల్ని దూలానికి వేలాడగట్టి, అన్న వచ్చేదాకా తాకనని ఒట్టు పెట్టుకుని, వట్టి కాళ్లతోనే జాతరలో కథ చెబుతున్నాడు. ఇల్లు చేరాలి, ఆ గజ్జెలు దించి కట్టాలి, తమ్ముడు వంతగా నిలబడగా మల్లన్న కథ ఎత్తుకోవాలి. కాకకి జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే. టైల్స్ అతికిస్తూ నాకు నాలుగైదుసార్లు చెప్పాడు.

పని పూర్తయిన రోజున, శుక్రవారం మా రూముకి రండి సార్, నార్వే కథ నడుస్తున్నది అన్నాడు. ఒగ్గు కథలో నార్వే ఏమిటని వెళ్లాను.

భోజనాలయ్యాయి. శుక్రవారం కాబట్టి కోడికూర. గిన్నెలు కడిగేశాక కాక లేచి ఏసీని ఇక తగ్గనంత తగ్గించాడు. పరదా లాగాడు. మంచాల మీదవాళ్లందరూ దుప్పట్లు కప్పుకున్నారు. బయట గోడ మీద చెయ్యి వేస్తే కాలిపోయే ఎండ. లోపల పళ్లు టకటక కొట్టుకునే చలి. ఏసీ పైపు కింద బకెట్టులో నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. అది కొండల మీద మంచు కరుగుతున్న చప్పుడని కాక చెప్పాడు. ఎవరూ కాదనలేదు. నాకూ కాదనాలనిపించలేదు. ఆ గదిలో ఉన్నది ఒకటే ప్లాస్టిక్ కుర్చీ, తెల్లది. వచ్చినప్పుడు మర్యాదగా నన్ను అందులోనే కూర్చోబెట్టారు. కథ మొదలయ్యే ముందు కాక నా దగ్గరికి వచ్చాడు.

"ఇగ కుర్చీ రాజుది సార్. మీరు మాతోని కూసోండ్రి."

లేచి కింది మంచం మీద నిర్మల్ ఆయన పక్కన సర్దుకున్నాను. ఆయన తన దుప్పటిలో సగం నా కాళ్ల మీద కప్పాడు. ఆ గదిలో వంత ఆయనే.

ఈ కథ కాకకి మస్కట్‌లో దొరికింది. వచ్చిన కొత్తలో అక్కడ ఓ నార్వే ముసలి దంపతుల ఇంట్లో వంటకీ తోటకీ ఉండేవాడు. ముసలావిడ ఇంకా పుట్టకముందు, ఆవిడ తల్లి, యుద్ధంలో ఊరూరూ తప్పించుకు తిరుగుతున్న తమ రాజుకి తన పల్లెటూరి ఇంట్లో ఒక పూట చోటిచ్చిందట. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి పొయ్యి పక్కన ఆరబెట్టిందట. రాజు కూర్చున్న కుర్చీలో ఆ తర్వాత వాళ్లింట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదట. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది, కాకకి సగం అర్థమైంది, మిగతా సగం ఒగ్గు కథలోంచి తెచ్చుకున్నాడు. కథకి కాళ్లు లేవు, ముంతకి చెవులు లేవు. ఆ ముసలివాళ్లు తమ దేశం వెళ్లిపోయాక కాక ఇంకో కఫీల్ చేతిలో పడి, అక్కడ జీతం రాక, ఉండలేక, బయటికి వచ్చేశాడు. అన్నీ వదిలి వచ్చినా కుర్చీ సంగతి మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

అసలు చరిత్ర నేను తర్వాత చదువుకున్నాను. పెద్ద తేడా లేదు. ఉన్నచోట కాకదే బాగుంది.

జర్మనీవాళ్లు దేశం మీద పడ్డారు. మేం చెప్పిన మనిషిని మంత్రిగా పెట్టుకుంటే నీ గద్దె నీకు ఉంటుందన్నారు. రాజు తన మంత్రులని పిలిచి కూర్చోబెట్టాడు. ఇక్కడికి రాగానే కాక భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో పట్టుకునేవాడు. అదే కిరీటం. మీకు ఒప్పుకోవాలనిపిస్తే ఒప్పుకోండి, నేను ఒప్పుకోను, నేనే అడ్డమనుకుంటే ఇదిగో దిగిపోతున్నానని, దాన్ని మెల్లగా కుర్చీలో పెట్టి వెనక్కి జరిగేవాడు. మరి మంత్రులేమన్నరని నిర్మల్ ఆయన అడిగేవాడు. కాక జవాబు చెప్పేవాడు కాదు. గదిలో ఎవరో ఒకరు లేచి, ఆ తువ్వాలు తీసి కాక భుజాన వేసేవారు. ప్రతిసారీ వేరే మనిషి. ఆ పని దక్కినవాడు వారమంతా కొంచెం ఛాతీ విరుచుకునే డ్యూటీకి వెళ్లేవాడు.

ఆ తర్వాత అడవి. రాజు తాడిచెట్టంత మనిషి. ఏ ఇంట్లోకి వెళ్లినా గుమ్మంలో వంగాలి. కాక నిజంగానే వంగి, పై మంచం ఇనుప పట్టీ తలకి తగలకుండా కుర్చీ దగ్గరికి వచ్చేవాడు. తెల్ల బెరడు చెట్ల కింద రాజూ, వెంట ఉన్న కొడుకూ నిలబడితే పైన విమానాలు తిరుగుతాయి. చెట్టు తన కొమ్మల మీది మంచు విదిల్చి ఇద్దర్నీ కప్పేస్తుంది. చరిత్రలో ఈ చెట్లు ఉన్నాయి, విమానాలూ ఉన్నాయి. మంచు విదల్చడం మాత్రం మల్లన్న చేయించిన పని అయి ఉండాలి. ఆ మాటకి గదిలో అందరూ దుప్పట్లు తల మీదికి లాక్కునేవారు. నేనూ లాక్కునేవాణ్ణి. దుప్పటి కింద కొబ్బరినూనె, సిమెంటు కలిసిన వాసన వేసేది. కళ్లు మూసుకుంటే మంచు పడుతున్నట్టే ఉండేది.

చివరికి రాజు, కొడుకు ఓడెక్కి లండన్ చేరతారు. రాణి అంతకుముందే చనిపోయింది. కోడలూ ముగ్గురు పిల్లలూ సముద్రానికి ఆ చివర అమెరికాలో. ఇంకేం, లండన్‌లో తండ్రీ కొడుకులది బ్యాచిలర్ రూమ్. వంట డ్యూటీ వంతులవారీగా. రాజుకి బుధవారం. రాజు పప్పు పొయ్యి మీద పెట్టి పిల్లల్ని తలుచుకుంటూ కూర్చునేసరికి అడుగంటుతుంది. మొన్న బుధవారం ఆ గదిలో పప్పు మాడ్చినవాడి వైపు అందరూ తిరిగి నవ్వేవారు. అతను కూడా నవ్వేవాడు. తనతో పాటు రాజుకి కూడా మాడింది కదా.

రాజు రేడియోలో తన ప్రజలతో మాట్లాడేవాడు. కాక స్టీలు గ్లాసు మూతికి ఆనించుకుని ఆ మాటలు అనేవాడు. నేను మంచిగనే ఉన్న, మీరెట్లున్నరు, అంతే. గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. నార్వేలో జనం రేడియోని కట్టెల మోపులో దాచి, తలుపులేసుకుని, ఆ రెండు మాటల కోసం చెవులు రిక్కించి కూర్చునేవారట. గదిలోవాళ్లు రోజూ ఇంటికి ఫోన్లో అనేవీ ఆ రెండు మాటలే.

ఆ ముగ్గురు పిల్లల్లో చిన్నవాడికి మూడేళ్లు. కాక కథలో యుద్ధం ఏళ్ల తరబడి సాగినా వాడికి మూడేళ్లే. ఒక శుక్రవారం గోదావరిఖని నుంచి కొత్తగా వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ ఇది పట్టేశాడు. ఇన్నేండ్లయితే పిలగాడు బడికి పోవాలె గద కాకా అన్నాడు. పట్టుకున్నానన్న సంతోషం అతని ముఖంలో ఉంది. కాక గ్లాసు కింద పెట్టాడు.

"పరదేశం పోయినోనికి పిల్లలు పెరుగుతరా?"

ఎవరూ ఊఁ అనలేదు. ఆ గదిలో ఉన్నవాళ్లందరూ చేసే పొరపాటు అది. నిర్మల్ ఆయన కూతురికి ముచ్చటపడి గౌను కొని, ఊరెళ్లేవాళ్ల చేత పంపాడు. తను బయల్దేరిననాటి కొలత. అది చేరేసరికి పిల్ల చెయ్యి కూడా అందులో పట్టలేదు. భార్య కుట్టు విప్పి దాన్ని దిండు గలీబు చేసింది. పారేయడానికి మనసు రాలేదని చెప్పిందట. ఆ వారం కథ అక్కడే ఆగింది. చాయ్ తాగి ఎవరి మంచం వాళ్లు ఎక్కారు. కాక బకెట్టు తీసుకెళ్లి, పెయింటు డబ్బాలో పెంచుతున్న కరివేపాకు మొక్కకి ఆ నార్వే నీళ్లు పోశాడు. ఇంటికి వస్తూ కారులో నాకు ఏడుపొచ్చింది. మా అమ్మాయి నా కళ్ల ముందే పెరుగుతోంది. అయినా వచ్చింది.

ఎన్ని శుక్రవారాలు విన్నా కథ లండన్ దాటేది కాదు. అక్కడి దాకా వచ్చి, మళ్లీ మంచులోకి, మళ్లీ చెట్ల కిందికి తిరిగిపోయేది. రాజు దేశం చేరాడని నేను చదివాను. ఒకసారి కరివేపాకు దగ్గర నిలబడి ఉండగా, మీకు ఆఖరు తెలీదా కాకా అని అడిగాను. తెలుసట. ముసలావిడ చెప్పిందట. ఓడలో వచ్చాడు, జనం ఒడ్డున నిలబడ్డారు, పూలు చల్లారు, అంతా తెలుసు.

"కథ కంచికి, మనం ఇంటికి అంటరు గద సార్. మనం ఇంటికి పోకుంట కథ కంచికి ఎట్ల పోతది?"

తర్వాత తండ్రి పెట్టిన కట్టడి చెప్పాడు. ఎత్తుకున్న కథకి, విన్నవాళ్ల ముందు మంగళం పాడి హారతి ఇవ్వాలి. పాడాక చెప్పినవాడూ విన్నవాళ్లూ ఎవరిళ్లకి వాళ్లు వెళ్లాలి. మంగళం పాడకుండా ఇంకో కథ ఎత్తుకుంటే, మొదటి కథలోని మనుషులు దారిలో నిలబడిపోతారు. ఆ పాపం చెప్పినవాడిది. నేను ఇంజినీర్ని, లెక్క కట్టాను. అయితే ఈ కథ ముగించకుండా ఊరెళితే మల్లన్న కథ ఎత్తుకోలేరన్నమాట. అవును సార్, ఎత్తుకోలేను అన్నాడు. అందుకే ఇల్లు చేరే దారి కనబడ్డ మరునాడే మంగళం పాడి, గజ్జెల కోసం విమానం ఎక్కుతానన్నాడు. చెప్పేటప్పుడు ఆయన కాళ్లు నేల మీద ఊరికే ఉండలేదు.

దారి కనబడింది. కాగితాలు లేనివాళ్లు జరిమానా కట్టకుండా దేశం వెళ్లొచ్చన్నారు. కాక వరసలో నిలబడి ఔట్‌పాస్ తెచ్చుకున్నాడు. గదిలో అందరికీ ఆ అదృష్టం లేదు. నిర్మల్ ఆయన మీద పాత కఫీల్ పెట్టిన ఫిర్యాదు తేలలేదు. మేస్త్రీకి కంపెనీ సెలవివ్వలేదు. ఒక్కొక్కరిదీ ఒక్కో ముడి. అయినా కాక వెళుతున్నాడంటే అందరికీ సంబరమే. మంగళం పాడే శుక్రవారం గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. కొబ్బరికాయ తెచ్చారు, పళ్లెంలో కర్పూరం పెట్టారు. నేను పూలు తీసుకెళ్లాను.

ఏసీ తగ్గింది, పరదా పడింది. ఆ రోజు కథ మొదటిసారి లండన్ దాటింది. యుద్ధం అయిపోయింది. రాజు ఓడెక్కాడు. కాక కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద చేతులు పెట్టి, కొంచెం అటూ ఇటూ ఊగుతూ చెప్పాడు. నీళ్లు. మళ్లీ నీళ్లు. గాలిలో ఉప్పు వాసన పోయి, చెట్ల వాసన మొదలైంది. ముందు ఒక నీలం గీత కనబడింది, అది కొండ అయింది. కొండ కింద ఇళ్లు. ఇళ్ల ముందు మనుషులు. నాకు నిజంగానే కింద మంచం కదిలినట్టనిపించింది. నిర్మల్ ఆయన అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని, కర్పూరం దగ్గర కూర్చున్నాడు.

కాక ఆగాడు. గదంతా కలయజూశాడు. వేలు మంచం నుంచి మంచానికి జరిగింది, పైవాళ్ల మీంచి, కిందివాళ్ల మీంచి. నా మీంచి కూడా. కథ ముగిశాక చాయ్ ఎంతమందికి పెట్టాలో చూసుకుంటున్నాడనుకున్నాను.

"రాజు ఎన్కకు మల్లి చూసిండు. ఓడల ఇంక మందున్నరు."

"మరి రాజు దిగిండా?" నిర్మల్ ఆయన అడిగాడు. వంత కాబట్టి అడగాలి.

"మందినిడిసిపెట్టి రాజు ముందుగాల దిగుతడా? అందరు దిగినంక దిగుతడు."

తువ్వాలు కుర్చీలో పెట్టి, వెళ్లి ఏసీ ఆపేశాడు. అందరికీ అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నిర్మల్ ఆయనకే ముందు అర్థమైంది. పాడు కాకా, పాడిపో, గజ్జెల సంగతేంది అని బతిమాలాడు. మిగతావాళ్లూ బతిమాలారు. కాక ఊగుతూనే ఉన్నాడు, ఇంకా ఓడలో ఉన్నట్టు. గజ్జెలు ఏడికి పోతయని మాత్రం అన్నాడు. ఆ రోజు కర్పూరం వెలగలేదు. కరివేపాకు డబ్బా నిర్మల్ ఆయన చేతిలో పెట్టాడు.

విమానాశ్రయానికి నేనే దింపాను. దారి పొడుగునా కోప్పడ్డాను. ఇన్నేళ్లు దేని కోసం చూశారో దాన్ని చేతులారా పోగొట్టుకుంటున్నారని, ఇది పిచ్చని, కట్టడి పెట్టిన తండ్రి కూడా ఒప్పుకోడని అన్నాను. ఆయన కిటికీలోంచి కొండలు చూస్తూ, నేను అన్న ప్రతి మాటకీ శ్రద్ధగా ఊఁ కొట్టాడు.

ఊళ్లో ఆయన మళ్లీ టైల్స్ పనే చేశాడు. జాతర వస్తే వెళ్లి ముందు వరసలో కూర్చునేవాడు. తమ్ముడు వట్టి కాళ్లతో మల్లన్న కథ చెబుతుంటే అందరికన్నా గట్టిగా ఊఁ కొట్టేది కాకేనట. ఆ సంగతి ఫోన్లో నవ్వుతూ చెప్పేవాడు. గజ్జెలు దూలానికే ఉన్నాయి. మబేలా గదిలోవాళ్లు ఒక్కొక్కరే ఊళ్లు చేరారు. మేస్త్రీ చేరాడు, పప్పు మాడ్చినాయన చేరాడు. చేరిన ప్రతివాడూ ముందు కాకకి కబురు చేసేవాడు. ఫోన్ పెట్టేసే ముందు కాక నన్ను ఎప్పుడూ ఒకే మాట అడిగేవాడు, సార్ మీరెప్పుడొస్తున్నరని. చూద్దాం కాకా, వచ్చే ఏడు అనేవాణ్ణి. మర్యాదకి అడుగుతున్నాడనుకునేవాణ్ణి. ముందటేడు నిర్మల్ ఆయన మీది ఫిర్యాదు కూడా తేలి, ఆయనా ఇంటికి వెళ్లిపోయాడు. ఓడలో ఇంకెవరూ లేరు కదా, కాక ఈపాటికి మంగళం పాడేసి ఉంటాడనుకున్నాను.

ఇప్పుడు నిర్మల్ ఆయన చెప్పిన ఆ రెండో మాట. ఆయన ఊరు చేరిన వారానికే కొబ్బరికాయ, కర్పూరం పట్టుకుని కాక ఇంటికి వెళ్లాడట. అందరం దిగినం, ఇగ పాడు కాకా అన్నాడట. తమ్ముడు గజ్జెలు దించి, తుడిచి, చాప మీద పెట్టాడట. కాక వాటి వైపు చాలాసేపు చూశాడట. తర్వాత వేలు పెట్టి గాలిలో మంచాలు లెక్కపెట్టాడట, పైవి, కిందివి.

"ఒక్కలు తక్కువైండ్రు అన్నడు సార్."

"ఎవరు?" అన్నాను.

"మీరే. సార్ ఇంక దిగలే అన్నడు. గజ్జెలు మల్ల పైనకే కట్టిచ్చిండు."

నేను ఆ ఓడ ఎప్పుడెక్కాను? నాకు బతాకా ఉంది, కారుంది, భార్య పక్కనే ఉంది. ఆ గదికి నేను చుట్టంలా వెళ్లి వచ్చేవాణ్ణి. వాళ్ల బాధకి జాలిపడి ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి. విజయవాడలో ఫ్లాటు కొని ఎన్నేళ్లయిందో. సోఫాల మీద దుప్పట్లు కప్పి ఉంటాయి. ఏడాదికి రెండు వారాలు వెళ్లి, ఆ దుప్పట్లు దులిపి, మళ్లీ కప్పి వస్తాం. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే మా అమ్మాయి పెద్దదై చదువుకి వెళ్లిపోయింది. ఇదంతా బతుకనుకున్నాను కానీ ప్రయాణం అనుకోలేదు. కాక అలా అనుకోలేదు. నా కాళ్ల మీద సగం దుప్పటి పడిన రోజునే నన్ను ఓడలో లెక్కవేసుకున్నాడు. నాకోసం గజ్జెలు కట్టకుండా, కథ ఎత్తుకోకుండా, జాతరలో ముందు వరసలో కూర్చుని ఊఁ కొట్టి వెళ్లిపోయాడు. నాతో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఎప్పుడొస్తున్నరని అడిగాడు, అంతే.

మంగళం తనకి వచ్చునని నిర్మల్ ఆయన అన్నాడు. వంత కదా, పాట మొత్తం వచ్చు. తమ్ముడు గజ్జెలు దించుతాడు. కాక ఇంటి ముందే పాడదాం, అందరూ వస్తామన్నారని చెప్పాడు. ఆ తర్వాత అడిగాడు.

"సార్, మీరెప్పుడొస్తరు?"

చూద్దాం అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను.

ఏసీ పదహారు మీదే నడుస్తోంది. నేను కట్టెయ్యలేదు. అవతల ఎండ, ఇవతల తెల్లటి చలి. గోడ వెనక పైపులోంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్న చప్పుడు. నా భార్య కునుకు లేచి, చేతులు రుద్దుకుంటూ హాల్లోకి వచ్చింది.

"ఏంటండీ ఇది, ఇల్లా, ఫ్రిజ్జా?"

కాక పోయాడని చెప్పాను. టైల్స్ వేసినాయనా అని ఆవిడ నా పక్కన కూలబడింది. ఆయన గురించి ఆవిడకి తెలుసు, కథా కొంత తెలుసు. పాపం ఆ రాజుని చివరికి ఇల్లు చేర్చాడా అని అడిగింది.

"లేదు. ఓడ ఒడ్డునే ఉంది. రాజు దిగకుండా నిలబడ్డాడు."

"ఎవరి కోసం?"

"మన కోసం" అన్నాను.

ఆవిడ సోఫా మీది దుప్పటి తీసి, సగం తన కాళ్ల మీద, సగం నా కాళ్ల మీద కప్పి, "ఊఁ" అంది.